ఒక్క ఆఫర్ లేని గార్డ్: ఒక బాస్కెట్‌బాల్ రిక్రూటింగ్ కేసు, నా తప్పులతో సహా

ఈ కేసు రాయమని మా కోచ్ చాన్నాళ్ళుగా అంటున్నాడు, నేనే వాయిదా వేస్తూ వచ్చా, ఎందుకంటే ఇందులో సగం నా తప్పులే. నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు డాలస్ చుట్టుపక్కల జిమ్ములు. ఒక చిన్న ఏఏయూ టీమ్‌కి (స్కూల్ బయట ఆడే పిల్లల క్లబ్ బాస్కెట్‌బాల్) వీడియోలు చూసి, పొజెషన్ పొజెషన్, అంటే బాల్ చేతికొచ్చిన ప్రతి విడతా రాసుకుని, ఏ పిల్లాడు కాలేజీలో ఏ లెవెల్లో ఆడగలడో వాళ్ళ ఇంట్లోవాళ్ళకి చెప్తుంటా. మా ఆవిడ భాషలో చెప్పాలంటే శనివారం పూట ఊళ్ళోవాళ్ళ పిల్లల ఆట చూస్తూ కూర్చుంటా.

పిల్లాడి పేరు కె అనుకుందాం. ఊరు, స్కూలు చెప్పను, కొన్ని నంబర్లు అటూ ఇటూ జరిపా, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచా.

ముందు ఈ లోకం తెలియని మనవాళ్ళ కోసం కొంచెం. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్సీఏఏ, అందులో డివిజన్ 1 అంటే 360 పైచిలుకు కాలేజీలు, ఈ కేసు జరిగినప్పుడు ఒక్కో మెన్స్ టీమ్‌కి 13 స్కాలర్‌షిప్‌లు. డివిజన్ 2 టీమ్‌కి 10 స్కాలర్‌షిప్‌ల విలువ ఇస్తారు, దాన్ని కోచ్ ముక్కలు చేసి పదిహేను మందికైనా పంచుకోవచ్చు. డివిజన్ 3లో ఆట పేరు మీద రూపాయి ఇవ్వరు. ఇవి కాక ఎన్ఏఐఏ అనే ఇంకో చిన్న సంస్థ, జూనియర్ కాలేజీలు (మన ఇంటర్ కాదు, హైస్కూల్ తర్వాత రెండేళ్ళ కాలేజీలు) ఉన్నాయి. ఇక రిక్రూటింగ్ ర్యాంకులు, స్టార్‌లు. వీటిని మనవాళ్ళు ఎంసెట్ ర్యాంకులా చూస్తారు, అక్కడే తేడా కొడుతుంది. ఎంసెట్‌లో అందరూ ఒకే సిలబస్‌తో పరీక్ష రాస్తారు. ఇక్కడ చాలామంది పిల్లలు అసలు పరీక్ష హాల్లోకే రారు. ర్యాంకింగ్ ఇచ్చేవాళ్ళు ఎక్కువగా నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ సర్క్యూట్ టోర్నమెంట్ల చుట్టూ తిరుగుతారు, అక్కడ కంట్లో పడ్డవాడికి మూడో నాలుగో స్టార్‌లు, పడనివాడికి సున్నా కూడా కాదు, అసలు పేజీయే ఉండదు. జా మొరాంట్‌ని 2016లో ఒక క్యాంప్‌లో మెయిన్ జిమ్‌లో కాదు, పక్కనున్న చిన్న జిమ్‌లో ఆడుతుంటే ముర్రే స్టేట్ కాలేజీ అసిస్టెంట్ కోచ్ చూశాడు, అదీ తినడానికి ఏమన్నా కొనుక్కుందామని బయటికొచ్చి. ఎన్‌బీఏ టీమ్‌లు కొత్తవాళ్ళని ఎంచుకునే 2019 డ్రాఫ్ట్‌లో ఆ పిల్లాడే రెండో పిక్. ఆ కోచ్‌కి ఆకలి వెయ్యకపోతే ఏమయ్యేదో.

మొదటిసారి చూసినప్పుడు

2023 మార్చి. సిటీకి గంటన్నర దూరంలో ఒక చిన్న పబ్లిక్ స్కూల్, దాని కోచ్ పొద్దున హిస్టరీ చెప్పి సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడిస్తాడు, మ్యాచ్‌కి బస్సు కూడా ఆయనే నడుపుతాడు. ఆయన నాకో లింక్ పంపాడు. జూనియర్ ఇయర్ (పదకొండో క్లాస్), ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, గార్డ్ (బయటి నుంచి బాల్ నడిపే స్థానం), మ్యాచ్‌కి 24 పాయింట్లు. ఆరు నిమిషాలు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇది: చిన్న లీగ్ స్కోరర్, డి3, వదిలెయ్.

ఎందుకలా రాశానో చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు. వాళ్ళ లీగ్‌లో చాలా టీమ్‌లలో 6-3 దాటినవాడు ఒక్కడు కూడా లేడు. మన ఊరి గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్‌తో సెంచరీలు బాదేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, వాళ్ళని తీసుకెళ్ళి రంజీ బౌలర్ ముందు నిలబెడితే ఏమవుతుందో మనకి తెలుసు. కె వేసిన బుట్టల్లో సగం పైగా పొట్టి పిల్లల మీద నుంచి రింగ్ దాకా వెళ్ళి వేసినవే. అది కాలేజీకి రాదు. ఆ 24 పాయింట్లు వాడివి కాదు, ఆ లీగ్‌వి, అనుకున్నా. అనుకున్నది కరెక్టే, కాకపోతే ఆ 24 తీసేస్తే మిగిలేది ఏంటని చూడకుండా పుస్తకం మూసేశా.

మే నెలలో వాళ్ళమ్మ ఫోన్. అందరూ అడిగేది డి1 వస్తుందా అని, ఈవిడ అది అడగలేదు. కాలేజీ కోచ్‌ల కంట్లో పడేలా చేస్తామనే ఒక ఎక్స్‌పోజర్ క్యాంప్ వాళ్ళు మా వాడిని ‘సెలెక్ట్’ చేశామని ఉత్తరం రాశారు, దాదాపు ఏడొందల డాలర్లు, కట్టాలా వద్దా, అది చెప్పండి చాలు అంది. కట్టొద్దన్నా. ఆ ఉత్తరాలు మెయిలింగ్ లిస్టులో ఉన్న ప్రతి పిల్లాడికీ వెళ్తాయి. ఫోన్ పెట్టేసే ముందు అలవాటుగా రెండు ప్రశ్నలు అడిగా, పుట్టినరోజు ఎప్పుడు, ఈ మధ్య ఏమన్నా పొడుగయ్యాడా అని.

ఆవిడ ఫోటో పంపింది. వంటింటి గుమ్మం, తెల్ల పెయింట్ మీద పెన్సిల్ గీతలు, పక్కన తేదీలు. కింద గీతలన్నీ దగ్గరదగ్గరగా, మెట్లలాగా, పైన రెండు గీతల మధ్య మాత్రం బెత్తెడు ఖాళీ. పద్నాలుగు నెలల్లో మూడంగుళాలు. ఇంకా అయిపోలేదు, మార్చిలో 6-2 ఉన్నవాడు మేకి 6-3. పుట్టింది ఆగస్టులో, అంటే సీనియర్ ఇయర్ (పన్నెండో క్లాస్) మొదలయ్యేసరికి అప్పుడే పదిహేడు నిండుతాయి. ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు సర్క్యూట్‌లో ఏడాది వెనక్కి చదివి పంతొమ్మిదేళ్ళకి సీనియర్ ఇయర్ ఆడేవాళ్ళు ఉన్నారు, ర్యాంకింగ్‌లో వాళ్ళూ వీడూ ఒకే క్లాసు. ఇంకో సంగతి, పొట్టిగా ఉన్నన్నాళ్ళూ పాయింట్ గార్డ్‌గా, అంటే ఆట నడిపేవాడిగా ఆడి తర్వాత పొడుగైనవాడికి బాల్ హ్యాండ్లింగ్, పాస్ చూసే కన్ను ముందే వచ్చేసి ఉంటాయి. ఎన్‌బీఏ ఆటగాడు సీజే మెక్‌కాలమ్ హైస్కూల్‌లో చేరినప్పుడు 5 అడుగుల 2 అంగుళాలు, పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు, లీహై అనే చిన్న కాలేజీకి వెళ్ళి అక్కణ్ణుంచి 2013లో పదో పిక్ అయ్యాడు.

సరే, మళ్ళీ చూద్దాం అనుకున్నా.

చేసినవి, తన్నినవి

మొదట అందరూ చేసేదే చేశాం, మిక్స్‌టేప్. రెండున్నర నిమిషాలు, డంకులు, స్టెప్‌బ్యాక్‌లు, వెనకాల దడదడలాడే పాట. దానికి తోడు 24 పాయింట్ల సగటు బోల్డ్‌లో పెట్టి అరవై మందికి పైగా అసిస్టెంట్ కోచ్‌లకి మెయిల్. నలుగురు జవాబిచ్చారు, నలుగురూ పంపింది వాళ్ళ సమ్మర్ క్యాంప్ ఫ్లయర్. అంటే మళ్ళీ ఫీజు. తర్వాత ఒక కోచ్‌ని అడిగితే నవ్వి, నాకు రోజూ ఇలాంటివి వస్తాయి, అందులో ఒక్కడు కూడా షాట్ మిస్ అవ్వడు అన్నాడు. మిక్స్‌టేప్‌లో కనపడేది పిల్లాడికి ఏది బాగా వచ్చో అది. కోచ్‌కి కావాల్సింది ఏది రాదో, రానప్పుడు ఏం చేస్తాడో.

రెండోది నా సొంత ఐడియా, అందుకే ఇంకా మంట. జూలైలో కోచ్‌లు బయటికొచ్చి చూడగలిగే లైవ్ పీరియడ్ ఉంటుంది కదా, ఆ టైమ్‌కి పెద్ద సర్క్యూట్ టీమ్‌లో ఒక గార్డ్‌కి దెబ్బ తగిలితే, తెలిసినవాళ్ళని బతిమాలి కెని అందులో ఇరికించా. నా లాజిక్ ఏంటంటే కోచ్‌లు ఎక్కడుంటే అక్కడికి పిల్లాడిని తీసుకెళ్దాం అని. కోచ్‌లు ఉన్నారు, గోడ పొడుగునా పోలో షర్టులు వేసుకుని వరసగా కూర్చున్నారు. కానీ ఆ టీమ్‌లో ముందే ఇద్దరు పెద్ద కాలేజీలకి కమిట్ అయిన గార్డ్‌లు ఉన్నారు, బాల్ వాళ్ళ చేతుల్లోంచి రాదు. కె నాలుగు మ్యాచ్‌ల్లో సగటున తొమ్మిది నిమిషాలు ఆడాడు, మొత్తం ఏడు షాట్లు, ఎక్కువసేపు కార్నర్‌లో చేతులు కట్టుకున్నవాడిలా నిలబడ్డట్టు కనిపించాడు. అప్పటిదాకా వాడి పేరు వినని కోచ్‌లు ఇప్పుడు విన్నారు, ‘ఆ కార్నర్‌లో ఉండే కుర్రాడా’ అని. తెలియనివాడిగా ఉండటం కంటే ఇది ఘోరం. తిరిగొచ్చేటప్పుడు కార్లో వాళ్ళమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ టైమ్‌లోనే వాళ్ళ బంధువు ఒకాయన ఎన్‌బీఏ స్టార్ స్టెఫ్ కర్రీ కథ ఎత్తుకున్నాడు. ప్రతి ఇంట్లో ఒకాయన ఎత్తుకుంటాడు. వర్జీనియా టెక్ వాళ్ళు స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా రమ్మన్నారు, డేవిడ్‌సన్ వెళ్ళాడు, 2008లో టీమ్‌ని జాతీయ టోర్నమెంట్‌లో ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది) దాకా లాక్కెళ్ళాడు, అన్నీ నిజమే. కానీ ఆ కథ వల్ల ఈ పిల్లాడి గురించి మనకి ఏం తెలిసింది? ఎవరూ చూడని పిల్లలందరూ గొప్పవాళ్ళని కాదు కదా, చూడకపోవడానికి కారణం ఉన్నవాళ్ళే అందులో ఎక్కువ. నా పని వీడు ఆ ఎక్కువమందిలో ఒకడా కాదా తేల్చడం.

కూర్చుని లెక్క రాయడం

ఆగస్టు నుంచి జూనియర్ ఇయర్ మ్యాచ్‌లు పదకొండు పూర్తిగా చూశా, కట్ చెయ్యనివి. వాళ్ళమ్మ బ్లీచర్స్ పైమెట్టు నుంచి ఫోన్‌తో తీసినవి, మధ్యమధ్యలో ఎవరో పెద్దాయన ‘కొట్టు, కొట్టు’ అని అరుపులు, రెండు మ్యాచ్‌ల్లో ముందువరస వాళ్ళ టోపీ సగం కోర్టుని మింగేసింది. అయినా సరిపోతుంది. నా ప్రశ్న ఒక్కటే, ఈ ఆటలో ఎదుటివాడు పొట్టి కాబట్టి వచ్చింది ఏది, ఎదుటివాడు ఎవడైనా వచ్చేది ఏది.

షూటింగ్‌తో మొదలెడతా. త్రీలు (గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 68లో 21, అంటే 31 శాతం. ఈ నంబర్ చూసే చాలామంది పక్కన పెట్టారు, నేను కూడా. కానీ ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్) సీజన్ మొత్తం 140లో 121, 86 శాతం. ఈ రెండూ ఒకే చేతిలోంచి వస్తున్నాయి, ఏదో ఒకటి అబద్ధం చెప్తోంది. ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ లేడు, లీగ్ లేదు, ఎత్తు లేదు, గీత దూరం హైస్కూల్ నుంచి ఎన్‌బీఏ దాకా అదే 15 అడుగులు. అందుకే పిల్లల షూటింగ్ అంచనా వేసేవాళ్ళు త్రీ శాతం కంటే దాన్నే ఎక్కువ నమ్ముతారు. 68 త్రీలనీ విడదీస్తే కథ బయటపడింది. 46 షాట్లు తనంతట తాను డ్రిబుల్ చేసి, మీద ఇద్దరుండగా, వేరే దారి లేక వేసినవి, అందులో 12. పాస్ అందుకుని కాళ్ళు కుదురుకుని వేసినవి 22 మాత్రమే, అందులో 9.

22లో 9 అంటే 41 శాతం అని ఎగరకండి. ఇంత చిన్న లెక్కలో తప్పు అవకాశం అటు ఇరవై, ఇటు ఇరవై శాతం దాకా ఉంటుంది, అసలు షూటింగ్ 20 కావచ్చు 60 కావచ్చు, అంటే ఆ నంబర్ నాకేమీ చెప్పట్లేదు. 140లో 121కి ఆ తేడా ఆరు శాతమే, ఎంత తక్కువ వేసుకున్నా 80. అందుకే ఒకదాన్ని నమ్మి ఇంకోదాన్ని పరీక్షించాలి అనుకున్నా.

పరీక్ష ఇలా పెట్టాం. హైస్కూల్ త్రీ గీత 19 అడుగుల 9 అంగుళాలు, కాలేజీ మెన్స్ గీత 22 అడుగుల 1¾ అంగుళాలు. దాదాపు రెండున్నర అడుగులు వెనక్కి. స్కూల్ జిమ్‌లో టేప్ పెట్టి కొలిచి నీలం పెయింటర్స్ టేప్‌తో ఐదు చోట్ల గీతలు అంటించా, మోకాళ్ళ మీద కూర్చుని టేప్ అంటిస్తుంటే కె బాల్ పట్టుకుని మాట్లాడకుండా చూస్తున్నాడు. ఒక్కో చోట ఇరవై షాట్లు, ప్రతి ఐదు షాట్లకి ఒకసారి కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి రావాలి. పరుగు ఎందుకంటే తాజాగా ఉన్నప్పుడు ఎవడైనా వేస్తాడు, ఊపిరి అందనప్పుడే అసలు రంగు, చేతులకి బలం చాలనివాడు బాల్‌ని భుజం నుంచి నెట్టడం మొదలెడతాడు. రెండు వేర్వేరు రోజులు చేశాం. హైస్కూల్ గీత నుంచి వందకి 61, కాలేజీ గీత నుంచి ఒకరోజు 54, ఇంకోరోజు 57. డిఫెండర్ లేనప్పటి నంబర్లివి, మ్యాచ్‌లో ఇంత రావు. నేను చూసింది నంబర్ కంటే రిలీజ్, అంటే బాల్ చేతిలోంచి వదిలే తీరు. తొంభయ్యో షాట్‌కి కూడా మోచెయ్యి ఎత్తు మారలేదు.

తర్వాత పాసింగ్. అసిస్ట్‌లు (అందుకున్నవాడు బుట్ట వేసిన పాస్‌లు) మ్యాచ్‌కి మూడు, ఎవరూ పట్టించుకోని నంబర్. కానీ పదకొండు మ్యాచ్‌ల్లో వీడిని 57 సార్లు డబుల్ టీమ్ చేశారు, అంటే ఇద్దరు కలిసి కమ్ముకున్నారు. తొమ్మిదిసార్లు బాల్ పోగొట్టుకున్నాడు. 31 సార్లు వీడి పాస్ వల్ల ఎవడో ఒకడికి ఖాళీ షాట్ దొరికింది. ఆ 31లో పడ్డవి ఎనిమిది. అసిస్ట్ అనేది ఇద్దరు కలిసి రాసే లెక్క, రెండోవాడు రాయకపోతే మొదటివాడి పని కాగితం మీదకే రాదు. ఎడమ చేత్తో కార్నర్‌కి విసిరే పాస్ ఒకటుంది వీడికి, డ్రిబుల్ ఆపకుండా అక్కడికక్కడే తోస్తాడు, అది ఎవరో నేర్పినట్టు లేదు.

చెడ్డది కూడా రాశా. డిఫెన్స్‌లో ఎదుటి టీమ్ స్క్రీన్ పెడితే (ఒకడు అడ్డంగా నిలబడి దారి ఆపితే) 38 సార్లలో 19 సార్లు అక్కడే అతుక్కుపోయాడు. వాళ్ళ లీగ్‌లో సరైన స్క్రీన్ పెట్టేవాళ్ళే తక్కువ, అయినా సగం. కాలేజీలో ప్రతి టీమ్ మొదటి మ్యాచ్ నుంచీ ఇదే పట్టుకుని పీకుతుంది. బరువు తక్కువ కాబట్టి అనుకున్నా, జిమ్‌లో పడితే సర్దుకుంటుందని రాసుకున్నా. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఇక్కడిదాకా వచ్చాక ఒక గోడ తగిలింది. కాలేజీకి వెళ్తే వీడి చేతిలో ఇంతసేపు బాల్ ఉండదు. హైస్కూల్ టీమ్‌లో మూడో వంతు పొజెషన్లు వీడితోనే ముగిసేవి, అక్కడ అందులో సగం కూడా ఉండవు, కాబట్టి అసలు ప్రశ్న బాల్ లేనప్పుడు ఏం చేస్తాడు. స్కూల్ వీడియోల్లో దానికి జవాబు లేదు, ఎందుకంటే అక్కడ బాల్ ఎప్పుడూ వీడి దగ్గరే.

అప్పుడు వెలిగింది, జూలైలో మేం పాడుచేసుకున్నాం అనుకున్న ఆ నాలుగు మ్యాచ్‌లు. మొత్తం 36 నిమిషాలు, 6-6 ఎత్తున్న వింగ్‌ల (పక్కల నుంచి ఆడే పొడుగోళ్ళ) మీద, బాల్ లేకుండా. అక్టోబర్‌లో ఒక రాత్రి అవి తీసి చూశా, ఈసారి బాల్‌ని చూడకుండా వీడినే చూస్తూ. కార్నర్‌లో నిలబడిపోయాడు అనుకున్నది నా కళ్ళ తప్పు. నిలబడాల్సినప్పుడే నిలబడ్డాడు, ఎందుకంటే వాడు కదిలితే వాడి డిఫెండర్ కూడా లోపలికి వస్తాడు. ఒక పొజెషన్ పదిసార్లు వెనక్కి తిప్పా. ఆ టీమ్ స్టార్ గార్డ్ బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) మీదుగా దూసుకెళ్తున్నాడు, కె కార్నర్ నుంచి రెండడుగులు పైకి జరిగాడు, పాస్ వచ్చే కిటికీ తెరుచుకుంది, బాల్ చేతికి తగిలీ తగలకముందే రింగ్ కింద ఉన్న పొడుగోడికి తోసేశాడు, ఒక్క డ్రిబుల్ లేదు. పొడుగోడు రెడీగా లేడు, చేతుల్లోంచి జారి బయటికి పోయింది. స్కోర్‌బుక్‌లో కె పేరు మీద టర్నోవర్, అంటే బాల్ పోగొట్టినట్టు. ఆ జిమ్‌లో గోడకి కూర్చున్న పోలో షర్టులు కూడా అదే రాసుకుని ఉంటాయి.

ఇలాంటివి ఇంకో ఎనిమిది తొమ్మిది దొరికాయి. అప్పుడు నా అంచనా మార్చా: డి2లో మొదటి ఏడాదే పది నిమిషాలు ఆడతాడు, చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీలు కలిసి ఆడే లీగ్) డి1లో మూడో ఏడాదికి రెండో గార్డ్‌గా పనికొస్తాడు, పెద్ద కాన్ఫరెన్స్‌కి కాదు. స్కోరర్‌గా కాదు, షూట్ చెయ్యగలిగి, ఇంకో పాస్ తెలిసినవాడిగా.

నేను మేలో అడగాల్సిన ప్రశ్న

అంచనా కుదిరే లోపే ఇంకోవైపు పేలింది. సెప్టెంబర్ చివర్లో ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల కాగితం తెప్పించి చూశా. ఎన్సీఏఏ ఒప్పుకునే కోర్ కోర్సులు (ముఖ్యమైన సబ్జెక్టుల క్లాసులు) మొత్తం 16 కావాలి, డి1 అయితే వాటిలో 10 ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపే, అంటే సీనియర్ ఇయర్ మొదలయ్యేలోపే అయిపోవాలి. స్కూల్ లెక్కలో కెకి పది ఉన్నాయి. కానీ ఒక మ్యాథ్ కోర్సు ఎన్సీఏఏ ఒప్పుకున్న లిస్టులో లేదు. తొమ్మిదే. ఏడో సెమిస్టర్ ఆగస్టులోనే మొదలైపోయింది. దీని అర్థం, డి1కి వెళ్తే స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు కానీ మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడటానికి లేదు, అకడమిక్ రెడ్‌షర్ట్ అంటారు. ఒక్క సమ్మర్ క్లాస్‌తో అయిపోయే పని. మేలో నేను పుట్టినరోజు అడిగా, ఎత్తు అడిగా, మార్కుల కాగితం అడగలేదు. జూలైలో ఆ సర్క్యూట్ చుట్టూ తిరిగిన రోజుల్లో వాడు స్కూల్లో కూర్చుని ఉంటే సరిపోయేది. స్కూల్ కోచ్‌కి చెప్తే పాపం ఆయన మొహం పాలిపోయింది, తప్పు ఆయనది కాదు, నాదే, ఈ లిస్టు సంగతి తెలిసినవాణ్ణి నేనే.

అప్పటికి కొంచెం ఆసక్తి చూపించిన చిన్న డి1లు రెండు ఉన్నాయి, ఈ మాట చెప్పగానే చల్లబడ్డాయి. దాచొచ్చు కదా అన్నాడు ఒకాయన. ఎన్సీఏఏ అర్హతలు చూసే ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఎలాగూ బయటపడుతుంది, ఆ తర్వాత నా మెయిల్ ఎవడూ తెరవడు.

అందులో ఒక అసిస్టెంట్ మాత్రం ఫోన్లో దాచుకోకుండా మాట్లాడాడు. కోర్సు సంగతి పక్కన పెట్టు, అది లేకపోయినా కష్టమే, పదమూడు స్కాలర్‌షిప్‌ల్లో ఒకటి పదిహేడేళ్ళ పిల్లాడికి ఇచ్చి రెండేళ్ళు పెంచితే మూడో ఏడాది వాడు పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ లిస్టు) దూకి పెద్ద కాలేజీకి పోతాడు, అదే స్కాలర్‌షిప్‌తో పోర్టల్‌లో ఇరవై రెండేళ్ళవాడు దొరుకుతుంటే నేనెందుకు పెంచాలి అన్నాడు. నిజమే. 2018లో పోర్టల్ వచ్చింది, 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది ఆడకుండా కూర్చోబెట్టడం మానేశారు, దానికి తోడు కోవిడ్ వల్ల ఒక ఏడాది అదనంగా దొరికినవాళ్ళు అప్పటికింకా ఆడుతున్నారు. 2024 క్లాస్ పిల్లలు ఈ రెండింటి మధ్య నలిగారు. వాడు ఎంత బాగా ఆడతాడు అన్నది సగం ప్రశ్నే, ఆ ఏడాది ఎన్ని కుర్చీలు ఖాళీ అన్నది మిగతా సగం.

దొరికిన దారి

అరవై మెయిళ్ళు పక్కన పెట్టి తొమ్మిది టీమ్‌లు ఎంచుకున్నా, ఎక్కువ డి2. ఎలా ఎంచుకున్నానంటే రోస్టర్ (టీమ్‌లో ఉన్నవాళ్ళ లిస్టు) పేజీలు తెరిచి వచ్చే ఏడాది ఎంతమంది గార్డ్‌లు వెళ్ళిపోతున్నారో లెక్కపెట్టా, త్రీలు ఎక్కువ వేసే టీమా కాదా చూశా, గత మూడేళ్ళలో హైస్కూల్ నుంచి నేరుగా ఎంతమందిని తీసుకున్నారో చూశా. ఈ మూడోది చాలా ముఖ్యం, పోర్టల్ నుంచే నింపుకునే కోచ్‌కి పద్దెనిమిదేళ్ళవాడి వీడియో పంపడం శుద్ధ దండగ. డి2కి ఆ పది కోర్సుల గడువు లేదు, 16 పూర్తి చేసి కోర్ జీపీఏ (ఆ కోర్సుల మార్కుల సగటు) 2.2 ఉంటే చాలు, కెకి అది ఎప్పుడో దాటింది.

వీడియో పన్నెండు నిమిషాలు. పాట లేదు. ఒక పూర్తి క్వార్టర్ కట్ చెయ్యకుండా, టోపీ అడ్డమొచ్చిన చోటుతో సహా. తర్వాత జూలై ఆట, బాల్ లేని పొజెషన్లు. తర్వాత డిఫెన్స్ ఇరవై పొజెషన్లు, అందులో స్క్రీన్ కింద ఇరుక్కుపోయినవి ఏడు. మెయిల్‌లో మొదటి లైన్‌లోనే వాడికి ఏది రాదో రాశా. ఇది చూసి వాళ్ళమ్మ, మీరు మా వాడిని అమ్ముతున్నారా తిడుతున్నారా అంది. కోచ్ ఎలాగూ పది నిమిషాల్లో కనిపెట్టేస్తాడు, మనమే చెప్తే మిగతావి నమ్ముతాడు అన్నా. తొమ్మిదిమందిలో ఐదుగురు జవాబిచ్చారు, ఒక్కడు కూడా క్యాంప్ ఫ్లయర్ పంపలేదు.

2024 జనవరిలో ఒక డి2 అసిస్టెంట్ నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆరోజే ఎదుటి టీమ్ బాక్స్ అండ్ వన్ వేసింది, నలుగురు జోన్‌లో, అంటే తలా ఒక చోటు కాస్తూ, ఒక్కడు కెని నీడలా అంటుకుని. కె పదకొండు పాయింట్లు. మాకు గుండె జారిపోయింది, ఇంత దూరం వచ్చి ఇదా చూశాడు అని. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. వీడు విసుక్కుని షాట్లు బలవంతంగా వేస్తాడేమో చూద్దామని కూర్చున్నా, రెండో హాఫ్‌లో తనే వెళ్ళి వాళ్ళ డిఫెండర్‌కి స్క్రీన్ పెట్టి పక్కవాడికి ఖాళీ ఇచ్చాడు, మీ వీడియోలో ఇది లేదే అన్నాడు. నిజంగానే లేదు. వెళ్ళేముందు వాళ్ళ నాన్న ఎత్తు ఎంత అని అడిగి, 6-6 అని తెలుసుకుని, ఏదో రాసుకుని వెళ్ళాడు.

మార్చిలో ఆఫర్, సగం కంటే కొంచెం ఎక్కువ అథ్లెటిక్ స్కాలర్‌షిప్, మిగతాదానికి మార్కుల మీద వచ్చే డబ్బు చాలావరకు సరిపోయింది. ఇంట్లో రెండువారాలు చర్చ నడిచింది. ప్రెప్ స్కూల్‌లో (కాలేజీకి ముందు అదనంగా చదివే ప్రైవేట్ స్కూల్) ఇంకో ఏడాది ఉంచితే పొడుగవుతాడు అన్నారు కొందరు, దానికయ్యే ఖర్చు వీళ్ళ వల్ల కాదు. జూనియర్ కాలేజీ అయితే డి1 కోచ్‌లు చూస్తారు అన్నారు ఇంకొందరు. నా వాదన ఒళ్ళు ఇంకా కట్టని పిల్లాడికి ఒకే వెయిట్ రూమ్, ఒకే కోచ్, రెండు మూడేళ్ళు కావాలి అని. డి1 తలుపు మూసుకుపోలేదు, ఎన్‌బీఏ ఆటగాడు డెరిక్ వైట్‌కి హైస్కూల్ అయ్యేసరికి ఒక్క డి1 ఆఫర్ లేదు, కొలరాడోలో డి2 కాలేజీకి వెళ్ళి అక్కడ పొడుగై, తర్వాత కొలరాడో యూనివర్సిటీకి మారి 2017లో 29వ పిక్ అయ్యాడు. వైట్ పేరు చెప్పగానే, మొన్న కర్రీ పేరెత్తితే మమ్మల్ని తిట్టారు కదా అని వాళ్ళ బంధువు పట్టుకున్నాడు. దొరికిపోయా. వాడిలా అవుతాడని కాదు, ఆ రోడ్డు ఉందని మాత్రమే అన్నా.

2024-25 మొదటి సీజన్ అయ్యాక నా పాత అంచనా కాగితం పక్కన పెట్టి చూసుకున్నా. నిమిషాలు పది అనుకుంటే పదమూడు. త్రీలు 94లో 36, 38 శాతం, ఫ్రీ త్రో 85. షూటింగ్ వరకు ఒప్పు. డిసెంబర్‌కి పదిహేను పౌన్లు పెరుగుతాడని రాశా, ఆరు పెరిగాడు. స్క్రీన్ల సంగతి పూర్తిగా తప్పు. బలం చాలక అనుకున్నా కదా, రెండు మ్యాచ్‌ల్లో అదే కారణంగా బెంచ్ మీద కూర్చోబెట్టాక వాళ్ళ కోచ్ చెప్పింది వేరు: వీడు బాల్‌నే చూస్తున్నాడు, స్క్రీన్ ఎటునుంచి వస్తోందో చేత్తో వెతకడు, తగిలాకే తెలుస్తోంది అని. వెనక్కి చెయ్యి చాపి తడుముకుంటూ కదిలే డ్రిల్ రోజూ చేయించారు, ఫిబ్రవరికి కొంచెం నయం. నేను పదకొండు మ్యాచ్‌లు చూసి కూడా తల ఎటు తిరిగి ఉందో చూడలేదు, పంతొమ్మిది అనే అంకె రాసుకుని దానికి కారణం నేనే కల్పించుకున్నా. ఇప్పుడు నా చార్ట్‌లో దానికో కాలమ్ పెట్టా, స్క్రీన్ తగిలే ముందు కళ్ళు ఎక్కడున్నాయి అని.

2025 ఏప్రిల్‌లో వాళ్ళమ్మ మళ్ళీ ఫోన్. ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా ఒక డి1 టీమ్ నుంచి కబురొచ్చిందట, పోర్టల్‌లో పేరు పెడితే చూస్తామని. ఆవిడ మాట్లాడుతుండగానే లాప్‌టాప్‌లో వాళ్ళ రోస్టర్ తెరిచా. వచ్చే ఏడాదికి గార్డ్‌లు ఏడుగురు, అందులో ముగ్గురు వీడి ఎత్తే, వీడి ఆటే. పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించా. ఆరో పేరు దగ్గర ఆవిడ నవ్వేసింది, చాల్లెండి, వాడు కూడా ఇదే లెక్కపెట్టి వద్దన్నాడు, మిమ్మల్ని ఊరికే అడిగా అంది. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు గుమ్మం మీద ఇంకో గీత పడిందట, 6-5 మీద కొంచెం.